తలుపు మూశాకే జీతం

జూన్ 2, మంగళవారం

యూనియన్ కమిటీ నుంచి నన్ను తీసేశారు. చేతులెత్తి మరీ తీసేశారు. నాలుగు చేతులు. ఐదోది నాది కాబట్టి లెక్కలోకి రాదట.

తప్పు ఒప్పుకుంది నేనే. నన్నెవరూ పట్టుకోలేదు. నోరు మూసుకుని కూర్చుంటే ఇప్పటికీ ఆ కుర్చీలోనే ఉండేదాన్ని. ఎక్కడో ఒకచోట రాసుకుంటే తప్ప ఈ కడుపుమంట చల్లారేలా లేదు, అందుకే పాత డైరీ దులిపాను.

విమానంలో మా జీతం తలుపు మూశాక మొదలవుతుంది, దిగి తలుపు తెరవగానే ఆగిపోతుంది. నూట ఎనభై మందిని ఎక్కించడం, వాళ్ల పెట్టెలు పైకెత్తడం, కిటికీ సీటు కోసం కొట్టుకునేవాళ్లను విడదీయడం, ఇదంతా ఉచితం. పంతొమ్మిదేళ్లుగా నేను ఉచితంగా ఎత్తిన పెట్టెలు పేరిస్తే మా వీధికి అడ్డంగా గోడ లేస్తుంది. మొదటి ప్యాసింజర్ కాలు లోపల పెట్టినప్పటి నుంచి మీటర్ తిరగాలని యూనియన్ అడుగుతోంది. మార్కెట్‌లో ఎవరూ అలా ఇవ్వడం లేదని కంపెనీ అంటోంది.

బయటికి పూర్తి జీతమే అడుగుతున్నాం. కానీ మరీ తప్పకపోతే సగానికి ఒప్పుకుందామని కమిటీలో ఐదుగురం తలుపులేసుకుని అనుకున్నాం. ఆ సగం మాట నేను ఒకే ఒక్క మనిషికి చెప్పాను. ట్రైనింగ్‌లో నాతో ఒకే గదిలో ఉన్నదానికి. మా అక్క ఇంట్లో కూర్చుని, టీ తాగుతూ. అప్పటికి అది కూడా నాలాగే యూనిఫామ్ మనిషి, యూనియన్ మెంబర్.

నాలుగో రోజు చర్చల్లో కంపెనీ వాళ్లు నవ్వుతూ, మీరు సగానికి దిగుతారని మాకు తెలుసు కదా, పావు దగ్గర మొదలుపెడదాం అన్నారు. ఐదో రోజు నా స్నేహితురాలు మేనేజర్ అయింది. కొత్త గది, గాజు తలుపు, తిరిగే కుర్చీ.

ఇప్పుడు నోరు తెరిస్తే మార్కెట్ రేటు, మార్కెట్ సర్వే అంటోంది. దాని పేరు నా నోటితో పలకను. ఇక నుంచి అది మార్కెట్.

జూన్ 3, బుధవారం

క్రూ రూమ్‌లో నాకు కూడా పేరు పెట్టారు. లీకు.

జూన్ 5, శుక్రవారం

సమ్మె తేదీ ఖాయమైంది. జూలై ఒకటి.

నాతో ఎవరూ మాట్లాడటం లేదు. నేను వెళ్లేసరికి కాఫీ మెషీన్ దగ్గర అందరికీ ఒక్కసారే ఏదో పని గుర్తొస్తుంది. నేను చెయ్యి పట్టుకుని పని నేర్పిన పిల్లలు ఫోన్లో తల దూర్చేస్తారు. ఫ్లైట్‌లో ఎస్ మేడమ్, నో మేడమ్. అంతే.

మెట్ల బాబాయ్ ఒక్కడే మాట్లాడాడు. విమానం ఆగగానే మెట్ల బండి నడుపుకుంటూ వచ్చి తలుపుకి ఆనించే మనిషి. మేమందరం బాబాయ్ అనే పిలుస్తాం. మెట్లు సరిగ్గా ఆనాక పైకెక్కి తలుపు మీద రెండుసార్లు తట్టి, చిన్న కిటికీలోంచి బొటనవేలు చూపిస్తాడు. అప్పుడే మేం తెరవాలి. ఇవాళ తలుపు తెరవగానే, ఏంటమ్మా ముఖం అలా వేలాడేశావ్, నీకంటే నా మెట్లే నయం, నిటారుగా ఉన్నాయి అన్నాడు. నవ్వొచ్చింది. మూడు రోజుల తర్వాత అదే మొదటి నవ్వు.

యూనియన్‌లో ఏం జరిగిందో అడగలేదు. తెలియక కాదు. టర్మినల్‌లో పిల్లులకు కూడా తెలుసు.

జూన్ 8, సోమవారం

మార్కెట్‌గారి తెలివి చూడండి. సమ్మె రోజు విమానాలు ఆగకుండా నలభై మంది మేనేజర్లకు ఐదు రోజుల్లో మా పని నేర్పించేస్తోందట. మాకు ఆరు వారాలు పట్టింది. ఈత కొలనులో ముంచారు, పొగ నిండిన గదిలో పాకించారు. వీళ్లకి ఐదు రోజులు, లంచ్ బ్రేక్‌తో కలిపి.

ఒక్క చిక్కుంది. క్లాసు అయ్యాక ప్రతి ఒక్కరూ నిజం ఫ్లైట్‌లో, సీనియర్ కళ్ల ముందు, ఒకసారి తలుపు డ్యూటీ చేసి తీరాలి. నాయకురాలు కాబట్టి మార్కెట్ కూడా ఆ ఐదు రోజుల కోర్సులోనే మళ్లీ కూర్చుంది. దాని తలుపు ఫ్లైట్ పద్దెనిమిదిన.

ఆ ఫ్లైట్‌కి సీనియర్ ఎవరు? రోస్టర్ మూడుసార్లు చూశాను. నేనే.

అక్క షాపుకి పరుగెత్తాను. మా అక్క టైలర్, మా క్రూలో సగం మంది యూనిఫామ్‌లు దాని మిషన్ మీదే బిగుతవుతాయి, వదులవుతాయి. సంగతి వినగానే కత్తెర కింద పెట్టేసింది. ఆ మహాతల్లికి మొదటి స్కర్టు పొడుగు దించి కుట్టింది నేనే, పైసా కూడా తీసుకోలేదు, ఈసారి కొలతలకి రానీ, సూది ఎక్కడ దించాలో నాకు తెలుసు అంది.

సూది అక్కర్లేదు అక్కా అన్నాను. నా దగ్గర అంతకంటే మంచిది ఉంది.

జూన్ 11, గురువారం

ఫ్లైట్‌కి ముందు బ్రీఫింగ్‌లో సీనియర్ ఒక్కొక్కరినీ ఒక సేఫ్టీ ప్రశ్న అడుగుతారు. చెప్పలేకపోతే ఇంకోటి. అదీ చెప్పలేకపోతే ఆ మనిషి ఆ ఫ్లైట్ ఎక్కకూడదు. రూలు. పదకొండేళ్లుగా నేను సీనియర్‌ని. ఎవరినీ ఇంటికి పంపలేదు. బిక్కముఖం వేసినవాళ్లకు కళ్లతో జవాబు అందించేదాన్ని కూడా.

ఒకళ్లని పంపుతాను. కెప్టెన్ ముందు, నలుగురి ముందు, ట్రాలీ బ్యాగు ఈడ్చుకుంటూ వెనక్కి నడిపిస్తాను. ఆ చక్రాల చప్పుడు ఇప్పటికే వినిపిస్తోంది.

మాన్యువల్ మొత్తం ముందేసుకున్నాను. ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చదవలేదు. అక్క మీద ప్రయోగం చేశాను. టాయిలెట్‌లోంచి పొగ వస్తోంది, మొదట ఏం చేస్తావు అని అడిగాను. లోపలున్నవాడిని బయటికి లాగి నాలుగు తగిలిస్తాను అంది. ఫెయిల్ అన్నాను. నీ ఉద్యోగం నువ్వే ఉంచుకో, ముందు నా బాబిన్ వెతికిపెట్టు అంది.

జూన్ 15, సోమవారం

ప్రశ్న దొరికింది. ఇక్కడ కూడా రాయను.

జూన్ 18, గురువారం, ఉదయం 7:30

యూనిఫామ్ రెండుసార్లు ఇస్త్రీ చేశాను. లిప్‌స్టిక్ కంపెనీ ఎరుపు. పెళ్లిచూపులప్పుడు కూడా ఇంత హడావిడి పడలేదు.

జూన్ 18, మధ్యాహ్నం 3:15

వరసగా రాస్తాను. లేకపోతే కలగాపులగం అయిపోతుంది.

బ్రీఫింగ్. అది నా ఎదురుగా కూర్చుంది. కొత్త యూనిఫామ్, పాత నవ్వు. విమానం ముందు భాగంలో ఆక్సిజన్ సీసాలు ఎన్ని, ఎక్కడెక్కడ అని అడిగాను. అందరూ మూడని చెబుతారు. నాలుగోది కొత్తగా మార్చిన విమానాల్లో మాత్రమే ఉంటుంది, సీటు వెనక, ఒక కవర్ కింద. వెయ్యి పేజీల్లో ఒక్క లైను.

నాలుగు అంది. నాలుగోది సీటు వెనక అంది. ఆగితే బాగుండేది. ట్రైనింగ్‌లో సామాన్ల లిస్టు నాకు నోటికి రాకపోతే నేనొక పిచ్చి బాణీ కట్టాను, రాత్రంతా గదిలో ఇద్దరం పాడుకునేవాళ్లం. ఆ బాణీలో పాడి చూపించింది. నాలుగో సీసాని కూడా అందులో ఎక్కడో ఇరికించింది. కెప్టెన్ నవ్వాడు. నాతో పదహారు రోజులుగా మాట్లాడని పిల్లలు కూడా నవ్వారు. రెండో ప్రశ్న అడిగే హక్కు నాకు లేదు, అయినా అడిగాను. అదీ చెప్పింది. చెప్పి నా భుజం మీద చెయ్యి వేసి, నువ్వు నేర్పిందే కదే అంది.

ఆ చెయ్యి అక్కడే విరిచేయాలనిపించింది. నా బాణీతో నన్నే కొట్టింది.

బోర్డింగ్‌లో ఒక పెద్దాయన పెట్టె పైకెత్తింది. పక్కనే ఉండి, తలుపు ఇంకా మూయలేదు, ఉచితంగా ఎత్తుతున్నావ్, మార్కెట్ రేటు ఎంతో కనుక్కో అన్నాను. నాకు నెల జీతం కదే, తలుపుతో పనేముంది అంది. వెక్కిరించలేదు. మామూలుగానే అంది. అందుకే ఎక్కువ మండింది.

ఇక తలుపు సంగతి. గాల్లో ఉన్నంతసేపూ తలుపు ఒక లివర్‌తో బిగించి ఉంటుంది. అలా ఉండగా తెరిస్తే, ప్రమాదంలో జనం జారిపోవడానికి మడిచిపెట్టిన పెద్ద గాలి జారుడుబల్ల ఒక్క ఉదుటున బయటికి తన్నుకొస్తుంది. బయట మెట్ల మీద మనిషి ఉంటే అంతే సంగతులు. అందుకే దిగి ఆగగానే లివర్ పైకెత్తి, ఎర్ర రిబ్బన్ ఉన్న పిన్ను దానికి గుచ్చాలి. ఎదురు తలుపు దగ్గరున్న మనిషి ఆ రిబ్బన్ వేలాడుతోందో లేదో చూసి చెక్డ్ అనాలి. ఎవరి తలుపు వాళ్లు చూసుకున్నా చాలదు. రెండో జత కళ్లు ఉండాలి. ఆ రెండో జత కళ్లు ఇవాళ నావి.

విమానం ఆగింది. ఆగకముందే జనం లేచారు. అది మైకు అందుకుని కూర్చోండి కూర్చోండి అని బతిమాలింది. మైకు పెట్టేసి తలుపు దగ్గరికి వెళ్లింది. లివర్ ముట్టుకోలేదు. నేను చెక్డ్ అన్నాను. పంతొమ్మిదేళ్ల అలవాటు, నోరు అనేసింది, కళ్లు తర్వాత చూశాయి. బాబాయ్ రెండుసార్లు తట్టాడు. అది హ్యాండిల్ మీద చెయ్యి వేసి ఎత్తబోయింది. కిటికీ కింద తెల్ల లైటు వెలిగింది. బిగించి ఉందని ఆ లైటు అర్థం. అది బాబాయ్ వైపే చూస్తోంది, లైటు చూడలేదు.

దాని మణికట్టు పట్టుకున్నాను. గోళ్లు దిగాయి.

అది లైటు చూసింది. తర్వాత నన్ను చూసింది. తలుపు పక్కన మేం కూర్చునే జంప్ సీటు మీద కూలబడింది. నేనే లివర్ ఎత్తాను, పిన్ను గుచ్చాను, తలుపు తెరిచాను. ఏంటమ్మా, ఇవాళ తలుపు తీయడానికి ముహూర్తం చూసుకున్నారా అన్నాడు బాబాయ్. ఎండకి చెమటలు కారుతున్నాయి. చొక్కా పై గుండీ ఊడిపోయి ఉంది. ఎందుకో ఆ గుండీ వైపే చూస్తూ నిలబడ్డాను.

జూన్ 18, సాయంత్రం 6:00

క్రూ రూమ్‌కి నా వెనకే వచ్చింది. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఎవరూ చూడలేదు కదే, ఏమీ కాలేదు కదే, రిపోర్ట్ రాస్తే నేను అయిపోతాను అంది. ట్రైనింగ్ సెంటర్‌లో టీచర్ పోస్టు ఖాళీగా ఉంది, నెల జీతం, పెట్టెలు ఎత్తే పని లేదు, రేపే సంతకం పెట్టిస్తాను అంది.

ఒక్క క్షణం ఆశపడ్డాను. అబద్ధం ఎందుకు.

తర్వాత దాని ఎదురుగానే కూర్చుని రిపోర్ట్ రాశాను. ఒక్కో అక్షరం గుండ్రంగా, దిద్దినట్టు. ఐదు రోజుల కోర్సు అన్న మాట కింద గీత కూడా గీశాను. అంతా బాగానే సాగింది, ఒక గడి దగ్గరికి వచ్చేదాకా. 'క్రాస్ చెక్ చేసినవారు.' అక్కడ నా పేరు రాయాలి. రాస్తే నన్నూ కొన్నాళ్లు ఎగరనివ్వకుండా నేల మీద కూర్చోబెడతారు. రాశాను. దాన్ని ముంచడానికి నేను కొంచెం తడిస్తే పోయిందేముంది.

అలవాటు ప్రకారం చెక్డ్ అన్నాను, వెంటనే గమనించి ఆపాను అని రాశాను. సంతకం పెట్టాను. అది చూస్తూనే ఉంది.

జూన్ 20, శనివారం

పేలింది!

విమానాల సేఫ్టీ ఆఫీసువాళ్లు నలభై మంది మేనేజర్ల సర్టిఫికెట్లూ ఆపేశారు. ఐదు రోజుల కోర్సు చెల్లదట, మొదటి నుంచి ఆరు వారాలూ కూర్చోవాలట. జూలై ఒకటిన ఎగరడానికి కంపెనీ దగ్గర మనుషులు లేరు.

యూనియన్ ప్రెసిడెంట్ ఫోన్ చేశాడు. నన్ను తీసేసినప్పుడు మొదట లేచిన చెయ్యి ఆయనదే. చంపేశావమ్మా, ఒక్క కాగితంతో వాళ్ల నడ్డి విరగ్గొట్టావ్ అన్నాడు. అవునా అన్నాను, చాలా తాపీగా. ఫోన్ పెట్టేశాక గదిలో ఒక్కదాన్నే గెంతాను. కింద షాపులోంచి అక్క, పైకప్పు కూలుతుంది, జీతం పెరిగాక గెంతు అని అరిచింది.

మార్కెట్‌ని ఆ గాజు గదిలోంచి కిందికి దించారట. తిరిగే కుర్చీ ఇప్పుడెవరి కింద తిరుగుతోందో.

ఇంత తీపిగా ఉంటుందనుకోలేదు.

జూన్ 24, బుధవారం

ఎంక్వయిరీ. బల్ల వెనక ముగ్గురు. మంచినీళ్లు ఇచ్చారు. మర్యాదగానే మాట్లాడారు.

కళ్లజోడాయన ఒకటే అడిగాడు. చెక్డ్ అన్న తర్వాత ఎంతసేపటికి ఆమె చెయ్యి పట్టుకున్నారు అని. ఒకటో రెండో సెకన్లు అన్నాను. రాసుకున్నాడు. ఇంకో పేజీ తిప్పి మళ్లీ అదే అడిగాడు. ఒకటో రెండో అని మళ్లీ అన్నాను. నీళ్లు తాగాను.

అప్పుడు మార్కెట్ ఇచ్చిన స్టేట్‌మెంట్ చదివి వినిపించారు. నన్ను ఇరికిస్తుందని సిద్ధపడే వెళ్లాను. నా మీద ఏం రాసి ఉంటుందో ఊహించి, ప్రతిదానికీ జవాబు కూడా తయారు చేసుకున్నాను. తప్పు పూర్తిగా నాది, ఆమె వెంటనే నా చెయ్యి పట్టుకుని ఆపారు, ఆమె లేకపోతే ఒక మనిషి పోయేవాడు అని రాసింది.

వెంటనే అని రాసింది.

నా మీద చర్య ఏమీ లేదట. జూలై తొమ్మిది నుంచి డ్యూటీకి రావచ్చట. బయటికొచ్చి బస్ స్టాప్‌లో చాలాసేపు కూర్చున్నాను. మూడు బస్సులు వదిలేశాను.

జూన్ 30, మంగళవారం

కంపెనీ సంతకం పెట్టింది. పూర్తి జీతం, మొదటి ప్యాసింజర్ కాలు లోపల పెట్టినప్పటి నుంచి. సమ్మె లేదు.

కేక్ కోశారు. మొదటి ముక్క నాకు పెట్టారు. నాకు లీకు అని పేరు పెట్టిన పిల్లే నా మెడ చుట్టూ చేతులేసి ఏడ్చింది. కమిటీలోకి మళ్లీ రమ్మని చేతులెత్తారు. ఈసారి గదిలో ఉన్న అన్ని చేతులూ.

జూలై 3, శుక్రవారం

మార్కెట్ అక్క షాపుకి వచ్చింది. సూది దించుతానన్న మా అక్క కుర్చీ తుడిచి వేసింది, టీ ఇచ్చింది. మనిషిని చూస్తే నువ్వూ అదే చేస్తావులే అని నాతో తర్వాత అంది.

రాజీనామా చేసిందట. నడుములో డిస్క్ జారి రెండేళ్లయిందట. చెబితే ఎగరనివ్వరు, ఎగరకపోతే జీతం లేదు, ఆ కుర్చీ ఒక్కటే దారిలా కనిపించింది, నిన్ను అమ్మేసి కూర్చున్నాను అంది. పెట్టెలెత్తకపోయినా ఉచితంగా నొప్పెట్టే నడుము మాత్రం మిగిలింది అని నవ్వబోయింది. ఆ పెద్దాయన పెట్టె గుర్తొచ్చింది. ఎత్తాక ఒక చేత్తో సీటు పట్టుకుని నిలబడింది. అప్పుడు పట్టించుకోలేదు.

నిన్ను అమ్మిన పాపంతో ఎలాగోలా బతికేస్తాను గానీ, ఆ మెట్ల మనిషి పోయి ఉంటే బతకలేకపోయేదాన్నే, నీ చెయ్యి దేవుడి చెయ్యే అంది. రెండు చేతులూ జోడించింది. మణికట్టు మీద నా గోళ్ల గుర్తులు ఇంకా పోలేదు.

నేను గెలిచాను. దాని కుర్చీ పోయింది, ఉద్యోగం పోయింది, నా ముందు తల వంచింది. కోరుకున్నవన్నీ వరసగా జరిగాయి. థాంక్స్ ఒక్కటే నేను కోరలేదు.

తిట్టి ఉంటే బాగుండేది.

జూలై 9, గురువారం

మొదటి డ్యూటీ. మొదటి ప్యాసింజర్ కాలు పెట్టగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ తనకే అనుకుని సిగ్గుపడింది.

దిగాక బాబాయ్ రెండుసార్లు తట్టాడు. రిబ్బన్ ఉంది. ఐదుసార్లు చూశాను. తలుపు తెరవగానే జేబులోంచి సూదీ దారం తీసి, ఇదుగో నీ గుండీ అంటూ ఆయన చొక్కాకి అక్కడే కుట్టేశాను. ఏంటి తల్లీ, జీతం పెరిగితే ఇంత ప్రేమా అన్నాడు.

జూలై 14, మంగళవారం

ఆ పద్దెనిమిదిన, రిబ్బన్ లేదని ముందే చూశాను. చూశాకే చెక్డ్ అన్నాను.

కిటికీలో బాబాయ్ బొటనవేలు. ఒకటో రెండో సెకన్లు కాదు. ఒకటి. రెండు. మూడు. నాలుగు.